మా పేట క్లబ్బు చరిత్ర రాయమన్నారు, కాయితాలు లేవు, రెండు కథలున్నాయి, ఏది రాయాలి?

కాలవగట్టు:
అందరికీ నమస్కారమండి. మాది కోనసీమ, రాజోలు వైపు. మా పేటలో వాలీబాల్, కబడ్డీ క్లబ్బు ఒకటి ఉంది, వచ్చే అంబేద్కర్ జయంతికి నలభై ఏళ్ళ పండగ చేద్దామని కమిటీ వాళ్ళు అనుకున్నారు, సావనీర్ వేస్తున్నాం, చదువుకున్నోడివి నువ్వే క్లబ్బు చరిత్ర నాలుగు పేజీలు రాయరా అని నా మీద పెట్టారు. ఒప్పేసుకున్నా. తీరా రాయడానికి కూర్చుంటే ఒక్క ముక్క ముందుకి కదలట్లేదు.

కాయితాలు లేవండి. మినిట్స్ బుక్కు, చందాల పుస్తకం, ఫొటోలు అన్నీ ఒక రేకు పెట్టెలో మా పెద్దనాన్న ఇంట్లో ఉండేవంట, 96 నవంబరు 6 రాత్రి తుఫానుకి ఇంటి మీద కొబ్బరిచెట్టు పడి కప్పు లేచిపోయింది, తెల్లారి చూస్తే పెట్టెలో అంతా ముద్ద. ఆ రాత్రి మనుషులు దక్కడమే గొప్ప, పెట్టె సంగతి ఎవరికి గుర్తుంటుంది. ఇప్పుడు మిగిలినవి నాలుగైదు కప్పులు, వాటి మీద అక్షరాలు అరిగిపోయాయి, మా అత్త బైబిల్లో దాచుకున్న టోర్నమెంటు కరపత్రం ఒకటి (దాని మీద తేదీ, నెల ఉన్నాయి, సంవత్సరం ఉన్న మూల చిరిగిపోయింది), ఇంక మనుషుల నోటి మాట.

ఆ నోటి మాట రెండు రకాలుగా ఉంది, నా తిప్పలంతా అక్కడే.

కమిటీ చెప్పేదేంటంటే 86 గోదారి వరద తర్వాత ఊళ్ళో ఒక పెద్దాయన (ఇప్పుడు లేరు, పేరు ఇక్కడ రాయను) పేట కుర్రోళ్ళు చెడు తిరుగుళ్ళు తిరక్కుండా ఉండాలని స్థలం ఇచ్చి, నెట్టూ బంతీ కొనిపెట్టి క్లబ్బు స్థాపించారని. సావనీర్ మొదటి పేజీలో ఆయన ఫొటో, కింద వ్యవస్థాపకులు అని. గ్రౌండుకి ఫోకస్ లైట్లు వేయిస్తానని వాళ్ళబ్బాయి మాట కూడా ఇచ్చారు.

మా నాన్న చెప్పేది వేరే. వరదకి ముందునుంచే ఉంది అంటాడు. అప్పట్లో హైస్కూలు గ్రౌండులో పేట కుర్రోళ్ళు ఆడుతుంటే పంపించేసేవారంట, సెలవు రోజుల్లో కూడా. ఒకసారి బంతి లాక్కుని నూతిలో పడేశారు. ఆ బంతి వీళ్ళందరూ పది రోజులు కొబ్బరికాయలు మోసిన కూలి డబ్బుల్తో కొన్నది, లోపల బ్లాడరు పైన తోలు కుట్టిన బంతి, దానికోసం నాన్నే నూతిలోకి దిగాడు. నీళ్ళు తాగిన తోలు ఆరాక రాయిలా అయిపోయింది, కొడితే ముంజేతులు వాచిపోయేవి, అయినా ఆ ఏడాదంతా దాంతోనే ఆడారు.

ఆ తర్వాత ఎండాకాలం కాలవలు కట్టేశాక పూడిక తీసి గట్టున పోస్తారు కదండీ, పేట చివర కాలవ పక్కన మోకాల్లోతు గుంట ఒకటి ఉండేది, పదకొండు మంది కుర్రోళ్ళు పగలు కూలికెళ్ళొచ్చి రాత్రిళ్ళు ఆ పూడిక మట్టి తట్టల్తో మోసి గుంట పూడ్చేశారు. నల్లమట్టి ఎండితే నెర్రెలిస్తది, తడిస్తే కాలు దిగబడిపోద్ది, అందుకని ఇసక తెచ్చి పైన పోసి, మిల్లు నుంచి ఊక తెచ్చి కలిపి, తాటి దుంగకి రెండు వైపులా తాడు కట్టి లాగి చదును చేశారు. స్తంభాలకి సరుగుడు వాసాలు. నెట్టు కొనే డబ్బుల్లేక అంతర్వేది వైపు చుట్టాలిచ్చిన పాత వల కట్టారు. కూలికెళ్ళొచ్చి మళ్ళీ ఈ మట్టి మోతేంట్రా అని మొదట ఇంట్లో ఆడోళ్ళు తిట్టారంట, నాలుగు రోజులు పోయాక వాళ్ళే వచ్చి తట్టలు అందుకున్నారు, మా నానమ్మ కూడా.

ఆ స్థలం కాలవ పోరంబోకు, ఎవరి సొంతమూ కాదు అని నాన్న మాట. ఆ పదకొండు మందిలో ఇప్పుడు ఐదుగురే ఉన్నారు. నాన్నకి అరవై దాటాయి, ఫొటో పేజీ సంగతి తెలిశాక ఏమీ అనలేదు, లేచి గట్టు మీదకి వెళ్ళిపోయాడు, అన్నం టైముకి కూడా రాలేదు.

పెద్దాయన సాయం చేసిన మాట నిజమేనండి, ఆయన్ని తక్కువ చెయ్యాలని నాకు లేదు. కానీ మట్టి మోసినోళ్ళ పేర్లు లేకుండా క్లబ్బు చరిత్ర అని నా చేత్తో ఎలా రాయను? అసలు ఏ సంవత్సరమో ఎలా తేల్చాలి? ఇలాంటి పని చేసినోళ్ళు ఎవరన్నా ఉంటే దారి చెప్పండి.

డ్రిల్లు మాస్టారు:
బాబూ, మీ పోస్టు రెండుసార్లు చదివాను. నేను పశ్చిమ గోదావరిలో పీఈటీగా, అంటే బళ్ళో ఆటల మాస్టారుగా చేసి రిటైరయ్యాను, పాలకొల్లు చుట్టుపక్కలే ముప్పై ఏళ్ళు. గ్రౌండులోంచి పిల్లల్ని పంపించెయ్యడం నేనూ చూశాను, నూతిలో బంతి మాట చదివాక కాసేపు పక్కన పెట్టేశాను ఫోను.

ముందు సంవత్సరం సంగతి. నాన్నగారిని ఏ సంవత్సరం అని అడగొద్దు, ఎవరికీ గుర్తుండదు, అడిగితే ఏదో ఒకటి చెప్పేస్తారు, అదే ఖాయమైపోతుంది. దేనికి ముందు దేనికి తర్వాత అని అడగండి. మన వైపు ఆ వయసు వాళ్ళకి కొన్ని గుర్తులు చెరిగిపోవు: 77 నవంబరు దివిసీమ ఉప్పెన, 83 మొదట్లో రామారావు గారు ముఖ్యమంత్రి అవ్వడం, ఆ ఏడాదే రెండ్రూపాయల కిలో బియ్యం, ఆ జూన్‌లోనే కపిల్ దేవ్ వాళ్ళు ప్రపంచ కప్పు కొట్టడం, 84 అక్టోబరు ఆఖర్న ఇందిరాగాంధీని చంపెయ్యడం, 86 ఆగస్టు వరద. మట్టి మోసేటప్పుడు రేషను షాపులో ఏ బియ్యం, ఎంతకి తెచ్చుకునేవారు అని అడిగి చూడండి, ఠక్కున చెప్తారు. మిగిలిన నలుగుర్నీ కూడా విడివిడిగా అడగండి, కలిపి కూర్చోబెడితే గొంతు పెద్దున్నాయన మాటే అందరి మాట అయిపోతుంది.

తర్వాత ఆ కరపత్రం. సంవత్సరం చిరిగిపోయినా ఫరవాలేదు, ఊరి పేరు కింద ఏముందో చూడండి. తాలూకా అని ఉంటే 85కి ముందుది, ఎందుకంటే మండలాలు వచ్చింది 85లో. (కొంతమంది తర్వాత కూడా అలవాటుగా తాలూకా అనే వేసేవారు, కాబట్టి ఇదొక్కటే పట్టుకోవద్దు.) పిన్ కోడ్ ఉంటే 72 ఆగస్టు 15 తర్వాతది. ఎవరింట్లోనైనా పాత స్కోరు కాయితం దొరికితే అదింకా మంచిది, మొదటి సెట్లు 15కి అయిపోయి ఉంటే పాత పద్ధతి, సర్వీసు మనదైతేనే పాయింటు వచ్చే రోజులవి. 25కి అయి ఉంటే 99, 2000 తర్వాతది. ఇందులో ఒక తిరకాసు ఉంది, ఆఖరి సెట్టు ఇప్పటికీ పదిహేనే, కాబట్టి ఆఖరి సెట్టు చూసి మోసపోకండి, మొదటి సెట్టు చూడండి.

ఇంక మీ రెండు కథలు. నాకు రెండూ అబద్ధం కాదనిపిస్తోంది. క్లబ్బు ఆడటం మొదలెట్టిన రోజు వేరు, రిజిస్టరు అయిన రోజు వేరు. అప్పట్లో నెహ్రూ యువ కేంద్రం వాళ్ళ నుంచి బంతీ నెట్టూ కిట్టు రావాలన్నా, టోర్నమెంటుకి పర్మిషన్ కావాలన్నా పేరూ రిజిస్ట్రేషనూ ఉన్న యువజన సంఘం అయితే పని తేలిగ్గా అయ్యేది, దానికి ఊళ్ళో పలుకుబడున్న ఒకాయన్ని ముందు పెట్టుకునేవారు. మీ పెద్దాయన సాయం అదే అయ్యుంటుంది, అదీ చిన్న సాయం కాదు ఆ రోజుల్లో. సొసైటీ రిజిస్ట్రేషన్‌కి కనీసం ఏడుగురు సంతకాలు పెట్టాలి, 1860 చట్టంలో అంతే, మన రాష్ట్రంలో 2001లో వచ్చిన కొత్త చట్టంలోనూ అంతే. ఆ ఏడు పేర్లు జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసు ఫైల్లో ఉండాలి, ఫీజు కట్టి కాపీ అడగొచ్చు. స్థలం సంగతి అడంగల్‌లో (రెవెన్యూ వాళ్ళ భూమి రికార్డు) చూస్తే పోరంబోకో, ఎవరిదైనా సొంత జిరాయితీయో తెలిసిపోతుంది. రాజమండ్రి వెళ్ళే పనుంటే గౌతమీ గ్రంథాలయం కూడా చూడండి, 1898 నాటిది, పాత పేపర్లు దొరికే చోటు, ఏప్రిల్ మధ్య వారం పేపర్లు తిరగెయ్యండి, జయంతి టోర్నమెంట్ల వార్త రెండు లైన్లయినా పడి ఉండొచ్చు.

ఇవన్నీ చెయ్యండి గానీ ముందు ఫోనులో నాన్నగారి గొంతు రికార్డు చెయ్యండి. ఇవాళే.

పంటు రేవు:
తమ్ముడూ, నేను చెప్పేది నీకు నచ్చకపోవచ్చు. సావనీర్ అంటే పండగ పుస్తకం, అందులో ఎవరు ముందు ఎవరు వెనక అని తవ్వితే ఊళ్ళో మాట పట్టింపులు వస్తాయి. మా ఊళ్ళో గుడి శిలాఫలకం మీద పేర్ల దగ్గర రెండు వర్గాలై పన్నెండేళ్ళు మాటల్లేవు. లైట్లు వస్తే పిల్లలు రాత్రి పూట ఆడుకుంటారు, రొయ్యల చెరువుల దగ్గర కాపలాకి పోయే కుర్రోళ్ళు పని దిగొచ్చాక ఒక గంట ఆడతారు, అది చూడు. పెద్దాయన ఫొటో వేసి, లోపల పేజీలో మీ నాన్నోళ్ళ సంగతి కూడా రాసెయ్యి. అందరూ ఉంటారు.

లంక అమ్మాయి:
పంటు రేవు అన్నగారూ, లోపల పేజీలో రాసెయ్యి అన్నారు కదా, ఆ లోపల పేజీలో కూడా రానివాళ్ళు ఉంటారండి, అందుకే రాస్తున్నా.

నేనూ కోనసీమే, వేరే ఊరు. మా పేటలో కూడా ఇలాంటి క్లబ్బే ఉండేది, తుఫాను తర్వాత రెండు మూడేళ్ళకి ఆడపిల్లల కబడ్డీ టీము మొదలైంది. మా వీధిలో సగం ఇళ్ళల్లో అమ్మలు కువైట్, మస్కట్ వెళ్ళిపోయారు ఇళ్ళల్లో పనికి, మేం అమ్మమ్మల దగ్గర పెరిగాం. సాయంత్రం అయితే ఇంట్లో ఉండబుద్ధి అయ్యేది కాదు. క్లబ్బులో ఒక మావయ్య ఉండేవాడు, ఆయనే చెడుగుడు నేర్పాడు, కూత ఎలా పట్టాలి, ఊపిరి ఎక్కడ దాచుకోవాలి, పట్టు పట్టేటప్పుడు చీలమండ దగ్గర పట్టుకోవాలి గానీ బట్టలు పట్టుకోకూడదు, ఇలా. నిక్కర్లు వేసుకుంటే ఊళ్ళో మాటలు పడాలని అమ్మమ్మలే పాత చీరల్తో పైజామాలు కుట్టిచ్చారు. మొదటి టీముకి బూట్లు మా అమ్మ కువైట్ నుంచి పంపిన డబ్బుల్తో కొన్నాం, ఏడు జతలు, నాది ఒక సైజు పెద్దది, ముందు గుడ్డ పీలికలు కుక్కుకుని వేసుకునేదాన్ని.

ఆసియా క్రీడల్లో మగవాళ్ళ కబడ్డీ 1990లోనే పెట్టారు, ఆడవాళ్ళది 2010 దాకా లేదు. మేం అంతకు పదేళ్ళ ముందే ఆ ఇసకలో మోకాళ్ళు చీరుకుపోయేలా ఆడాం. నాకు ఇంటర్ తర్వాత చదువు ఆగిపోకుండా నిలబెట్టింది ఆ ఆటే, ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటున్నా.

మా క్లబ్బుకి పాతికేళ్ళ పండగ చేసినప్పుడు పుస్తకం వేశారు. ఎనభై పేజీలు. వార్డు మెంబర్ల ఫొటోలు ఉన్నాయి, చందా ఇచ్చిన షాపుల పేర్లున్నాయి, కోడిపందేల బరి వేసే ఆయన ప్రకటన కూడా ఉంది. మా టీము గురించి ఒక్క లైను లేదు. మాకు నేర్పిన మావయ్య పేరు కూడా లేదు, ఆయన కమిటీలో ఎప్పుడూ లేడు కదా మరి. ఆయన పోయాక ఆ పుస్తకం నేను మళ్ళీ తెరవలేదు.

కాలవగట్టు అన్నయ్యా, మీ పేటలో ఆడపిల్లలు ఆడారా అని అడగండి. మగవాళ్ళని అడిగితే లేదంటారు, ఆడవాళ్ళని అడగండి. పాత పుస్తకం ఏదన్నా దొరికితే కబడ్డీ కోర్టు కొలతలు రెండు రకాలుగా రాసి ఉన్నాయేమో చూడండి, ఆడవాళ్ళ కోర్టు చిన్నది.

గోదారి నుంచి గ్లాస్గో:
నేను కొత్తపేట దగ్గర పుట్టి చదువుకోసం స్కాట్లాండ్‌లోని గ్లాస్గో వచ్చి ఇక్కడే ఉండిపోయాను. మీ పూడిక మట్టి సంగతి చదివితే ఇక్కడి సెల్టిక్ క్లబ్బు గుర్తొచ్చింది. ఇప్పుడు పెద్ద ఫుట్‌బాల్ క్లబ్బు గానీ మొదలైంది 1887 నవంబరులో, ఐర్లండ్ నుంచి కరువుకి పారిపోయి వచ్చిన బీదవాళ్ళు ఉండే తూర్పు గ్లాస్గోలో, చర్చి హాల్లో కూర్చుని. బీద పిల్లలకి ఒక పూట భోజనం పెట్టడానికి డబ్బులు కావాలి, ఆటలు పెట్టి టిక్కెట్టు డబ్బుల్తో పెడదాం అన్నది ఆలోచన. వాల్ఫ్రిడ్ అని క్యాథలిక్ మఠం బ్రదరు, బడి పంతులు కూడా, ఆయన పూనుకున్నాడు. ఆరేడు నెలల్లోనే గ్రౌండు తయారై 1888 మే నెలాఖర్న మొదటి మ్యాచి ఆడేశారు, గ్లాస్గోలోనే ఇంకో క్లబ్బు రేంజర్స్ మీద 5-2తో గెలిచారు.

ఆ మొదటి గ్రౌండు ఎవరు చేశారో తెలుసా అండి, చుట్టుపక్కల కూలినాలి చేసుకునే ఐరిష్ వాళ్ళు డబ్బులు తీసుకోకుండా వచ్చి చదును చేశారు, అచ్చం మీ నాన్నగారి వాళ్ళలాగే. 2005లో స్టేడియం ముందు వాల్ఫ్రిడ్ విగ్రహం పెట్టారు, పెట్టాలి, ఆయన చేసింది గొప్ప పనే. మట్టి పని చేసినవాళ్ళ పేర్లు మాత్రం జనం నోట్లో లేవు. నూట ముప్పై ఏళ్ళు దాటాక ఆ పేర్లు ఎవరు తెచ్చివ్వగలరు? మీకు ఇంకా ఐదుగురున్నారు.

ఇంకొకటి, కెన్యాలో నైరోబీ మురికివాడ మతారేలో 1987లో పిల్లల ఆటల సంఘం ఒకటి పెట్టారు. అక్కడ లీగులో పాయింట్లు మ్యాచి గెలిస్తేనే కాదు, పేటలో చెత్త, మురుగు కాలవలు శుభ్రం చేసినందుకు కూడా టీముకి పాయింట్లు వేస్తారు. చేతి పనికి స్కోరు బోర్డులో చోటు ఇచ్చారు వాళ్ళు. మీ చరిత్రలో మట్టి మోసిన రాత్రులకి కూడా అలా మ్యాచీలతో సమానంగా చోటు ఇవ్వండి, ఎవరినీ తిట్టక్కర్లేదు, ఎవరు ఏం చేశారో అది రాస్తే చాలు.

కాలవగట్టు:
అందరికీ దండాలండి, నెల రోజులు పట్టింది, ఇప్పుడు చెప్తున్నా.

మాస్టారూ, మీరన్నట్టే బియ్యం సంగతి అడిగా. నాన్న వెంటనే అన్నాడు, మట్టి మోసే రోజుల్లోనే రేషను షాపు దగ్గర రెండ్రూపాయల బియ్యానికి కొత్తగా లైను కట్టేవారు, సగం రాత్రి మోసి పొద్దున్నే వెళ్ళి లైన్లో నిలబడి నిద్రపోయేవాడిని అని. ఆ పదకొండు మందిలో ఇంకొకాయన్ని విడిగా అడిగితే, కపిల్ దేవ్ కప్పు కొట్టినప్పటికి నెట్టు కట్టేశాం, టీ కొట్టు దగ్గర రేడియోలో విన్నాం అన్నాడు. కరపత్రం మీద రాజోలు తాలూకా అనే ఉంది. ఏప్రిల్ 14 టోర్నమెంటు అది, ఆ టోర్నమెంటు ఆడిన ఏడాదే ఇందిరాగాంధీ పోయిందని మిగిలిన ముగ్గురికి ముగ్గురూ చెప్పారు. అంటే గ్రౌండు 83 ఎండాకాలం, మొదటి టోర్నమెంటు 84. నలభై ఏళ్ళు ఎప్పుడో దాటిపోయింది.

రిజిస్ట్రార్ ఆఫీసుకి మూడుసార్లు తిరిగాక కాపీ దొరికింది. అది వరద తర్వాతదే, కమిటీ వాళ్ళ లెక్క తప్పు కాదు. అధ్యక్షుడు పెద్దాయన, మిగిలిన ఆరు సంతకాలూ ఆ పదకొండు మందిలో వాళ్ళవే. నాన్న సంతకం లేదు, వేలిముద్ర ఉంది. నాన్నకి ఇప్పుడు సంతకం పెట్టడం వచ్చు, రాత్రి బడిలో నేర్చుకున్నాడు, ఆ వేలిముద్ర చూసి చాలాసేపు కాయితం కింద పెట్టలేదు. అడంగల్‌లో స్థలం కాలవ పోరంబోకు అనే ఉంది. వరదకి గ్రౌండు మీద నడుం లోతు బురద పేరుకుపోతే ఇసక బళ్ళు తోలించి, ఇనప స్తంభాలు వేయించింది పెద్దాయనే, అదీ అందరూ చెప్పారు, అదీ రాశాను.

కమిటీ మీటింగు రాత్రి పదకొండు దాకా అయ్యింది. కేకలు కూడా అయ్యాయి. పంటు రేవు అన్నా, నువ్వు భయపడ్డట్టే ఒకాయన లేచి వెళ్ళిపోయాడు, మళ్ళీ బతిమాలి తీసుకొచ్చాం. ఆఖరికి తేలిందేంటంటే పెద్దాయన ఫొటో కింద మొదటి అధ్యక్షులు అని వేస్తారు, దాని పక్క పేజీలో పదకొండు పేర్లు, అంతే సైజు అక్షరాలు. లైట్ల సంగతి వాళ్ళబ్బాయి ఇంకా ఏమీ చెప్పలేదు.

లంక అమ్మాయి చెల్లెమ్మా, అడిగాను. మగవాళ్ళు లేదన్నారు. మా అత్త ఎందుకు లేదు అంది. ఒక ఏడాది ఆడారంట, తొమ్మిది మంది, అందులో మా అత్త ఉంది, నాకు ఇన్నేళ్ళూ తెలీదు. ఒకావిడ మస్కట్‌లో ఉంది, ఫొటో ఒకటి పంపింది, తాటాకు దడి ముందు తొమ్మిది మంది నిలబడ్డారు, ఒకరి చేతిలో పిల్లాడు కూడా ఉన్నాడు. అది మధ్య పేజీలో వేస్తున్నాం.

ఇంక ఒక్క పని మిగిలింది, మీలో ఎవరన్నా సాయం చెయ్యగలరేమోనని అడుగుతున్నా. పదకొండు మందిలో పదిమంది పూర్తి పేర్లు దొరికాయి. ఒకాయన్ని అందరూ పొట్టోడు అనే పిలిచేవారు, ఇంటిపేరు ఎవరికీ గుర్తులేదు, అమ్మమ్మగారింట్లో ఉండి పెరిగాడు, వరద తర్వాత పెళ్ళాం బిడ్డల్తో యానాం వైపు వెళ్ళిపోయాడంట. ఎడం చేత్తో షాటు కొట్టేవాడు, కుడి కనుబొమ్మ మీద గాటు ఉంటది, తట్ట అంచు తగిలి తెగింది ఆ మట్టి మోసేటప్పుడే. యానాం, ఎదుర్లంక, మురమళ్ళ వైపు ఎవరికైనా తెలిస్తే ఇక్కడ చెప్పండి, ప్రింటుకి ఇంకా పదిహేను రోజులుంది. దొరికాడా అని నాన్న రోజూ అడుగుతున్నాడు.